పోయినవి నా వంతు

మన్సూరాబాద్ మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద మొన్న ఆమె ఫొటో చూశాను. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద కొడుకు, కోడలు, బిడ్డలు, అల్లుళ్ళ పేర్లు. కొత్త చీర, నుదుట రూపాయంత బొట్టు, చేతులు రెండూ ఒళ్ళో. ఆ చేతులు అలా ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అందుకేనేమో, గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. స్కూటర్ పక్కకు ఆపి, దశదినకర్మ ఎప్పుడో చదువుకున్నాను. ఇంకా రెండు రోజులుంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేను ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చిన కథలోనూ ఆమెకు పేరు లేదు. 'మా పాత ఓనరమ్మ' అనేవాణ్ణి, అంతే. ఆ కథ విన్నవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో, వనస్థలిపురంలో చాలామందే ఉన్నారు. ఉద్యమం రోజుల్లో ఓ ఓనరమ్మ ఆంధ్రావాళ్ళ మీద కోపంతో నా బాతు పిల్లలను చంపేసిందన్నది ఆ కథ. అది అబద్ధం. ఆ పిల్లలు నా మూలంగా పోయాయి. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అయితే ఆమె ఎలాంటి మనిషో చెప్పకుండా ఆ సంగతి చెబితే మళ్ళీ తప్పు చేసినవాణ్ణే అవుతాను.

అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఉద్యోగం కృష్ణా జిల్లాలో మా ఊళ్ళోనే కావడంతో ఇక్కడ ఒంటరిగా ఉండేవాణ్ణి. మన్సూరాబాద్‌లో ఆమె ఇంటి వెనక గది నాది. మధ్యలో పెరడు, అందులో హౌజనే నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ, కోళ్ళ గూడు. ఆమెది నల్గొండ పక్క పల్లె. భర్త పోయాక కొడుకుతో పట్నం వచ్చి, రూపాయి రూపాయి కూడబెట్టి ఆ ఇల్లు కట్టుకుంది. కొడుక్కి బస్సు డిపోలో పని. ఉద్యమంలో ముందుండేవాడు. ఇంటి గేటు మీద జెండా ఉండేది.

ఒకసారి ఊరినుంచి వస్తుంటే మా అమ్మ తవుడులో సర్ది డజను బాతు గుడ్లు పంపింది. పొయ్యి మీద ఎసరు పెట్టి గుడ్లు కడుగుతుంటే ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఏంది సారు గవి? గంత పెద్దగున్నయి?"

"బాతు గుడ్లండి. కూర వండుకుందామని."

ఒకటి తీసుకుని చెంపకు ఆనించుకుంది. "పెట్టి ఎన్ని దినాలైంది?"

"మూడు నాలుగు రోజులు అయ్యుంటుంది."

"మీ బాతులల్ల మొగది ఉన్నదా?"

"రెండున్నాయండి."

"ఇంకేంది మరి! స్టవ్ బంజెయ్యి. నా నల్లకోడి పొదుగుకు కూసున్నది. గుడ్లు మీయి, కోడి నాది. పిల్లలు సగం సగం."

వాళ్ళ వైపు గొర్రెనో దూడనో ఇలాగే పాలుకు ఇచ్చి పెంచుతారట. ఒకరిది జీవం, ఇంకొకరిది చాకిరీ. పుట్టినా సగమే, చచ్చినా సగమే. ఆ మాట మీద ఊళ్ళో తగువు ఉండదని చెప్పింది. నేను సరేనన్నాను.

"రాష్ట్రం ఎప్పుడు పంచుతరో ఏమో గని, మనిద్దరిదైతే ఖరారైంది" అని నవ్వింది.

నేనూ ఊరుకోలేదు. "మరి హైదరాబాద్ ఎవరికండీ?"

"హైదరాబాద్ అంటే కోడి గదా సారు. కోడి నాదే. మా ఇంట్లనే ఉంటది. గుడ్డు పెట్టినోళ్ళు గూడ ఈడనే ఉండుండ్రి, ఎవరొద్దన్నరు?"

ఆ ఏడాది టీవీల్లో గంటలు గంటలు సాగిన చర్చల్లో ఇంత తేలికగా తేల్చినవాళ్ళను నేను వినలేదు.

గుడ్లను వెంటనే కోడి కింద పెట్టలేదు. "బస్సుల ఊగుకుంట ఒచ్చినయి. ఒక్కదినం పండుకోనియ్యి" అని గంపలో ఊక పోసి, అందులో వాటిని పడుకోబెట్టింది. మర్నాడు పెట్టింది. వారం తర్వాత చీకటి గదిలో గుప్పిట్లో గుడ్డు పట్టుకుని కింద టార్చి వేసి, లోపల ఎర్రటి నరాలు కనిపించనివి మూడు తీసేసింది. కోడికి తెలిసింది మూడు వారాల లెక్కే. బాతు గుడ్డుకు నాలుగు వారాలు కావాలి. ఇరవై రెండో రోజున కోడి విసుగెత్తి లేవబోతే ఆమె దాని పక్కన చతికిలబడి, అరచేతిలో జొన్నలు పోసి తినిపిస్తూ బతిమాలడం నేను కిటికీలోంచి విన్నాను. "జర కూసో బిడ్డా. పరాయి పిల్లలు ఆలస్యంగొస్తరు. ఒచ్చేదాంక ఓపిక పట్టాలె." ఆ వారం రోజులూ గుడ్ల మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించేది. బాతు తడి ఒంటితో గూటికొస్తుంది, కోడి రాదు, ఆ తడి మనమే ఇవ్వాలట.

ఎనిమిది పిల్లలు వచ్చాయి. తొమ్మిదోది పెంకులోనే పోయింది. కోడి వాటి వెడల్పాటి ముక్కులు చూసి బెదిరిపోయింది. దగ్గరికొచ్చిన పిల్లను వచ్చినట్టే పొడిచి తరిమింది. "సూడు సారు, దీనికి గూడ నకరాలే" అని కోడిని తిట్టి, టీవీ అట్టపెట్టె తెచ్చి, లోపల ఊక పరిచి, పైనుంచి బల్బు వేలాడదీసింది. ఆ రోజునుంచి తల్లి ఆమే.

నేను చదువుకున్న చదువంతా కొలతలది. ఆ పెట్టెలో ఎంత వేడి ఉండాలని అడిగాను. "పిల్లలే చెప్తయి" అంది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి గుంపు కడితే చలి, మూలలకు పోయి నోళ్ళు తెరిస్తే ఉక్క, పెట్టె నిండా చెల్లాచెదురుగా పడుకుంటే సుఖం. అది చూసి దారం పైకో కిందికో జరిపేది. సమ్మెల రోజులు, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు పోయేది. పోయిన నిమిషానికి వేడినీళ్ళ సీసా పాత చీర ముక్కలో చుట్టుకుని ఆమె వచ్చేది.

ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన చిదిమి పెట్టడంతో మొదలైంది వాటి తిండి. మూడో రోజు నుంచి నానబెట్టిన నూకలు, సన్నగా తరిగిన తోటకూర, జొన్నరవ్వ ఉడికించి చల్లార్చిన గటక. ఏది పెట్టినా ముందు చిటికెడు తన నోట్లో వేసుకునేది. "నేను తినలేంది వాటికెట్ల పెడ్త?" మధ్యాహ్నం పెట్టింది సాయంత్రం మిగిలితే నాకు బాగానే కనిపించినా పారేసేది. "పెద్దకడుపుకు పులుపు అరుగుతది. గీ కడుపు ఎంతుంది? చింతగింజంత." గిన్నెలో నీళ్ళు పోసి, మధ్యలో గులకరాళ్ళు పేర్చేది. ముక్కు మునగాలి, ఒళ్ళు తడవకూడదు. మేత పక్కన నీళ్ళు లేకపోతే గొంతులో పట్టుకుని పోతాయట.

వాటిని ఎప్పుడూ లెక్కపెట్టేది కాదు. పసివాటిని లెక్కపెడితే తగ్గుతాయని ఆమె నమ్మకం. పెట్టెలోకి వంగి "అందరున్నరా?" అని అడిగేది. అవి కిచకిచమనేవి. "ఉన్నరు" అనేది. అంతే.

వారం తిరిగేసరికి పెట్టె బయట వదిలితే ఆమె వెనకే నడిచేవి. ఆమె నడక కొంచెం పక్కకు ఒరిగి ఉండేది, ఎడమ మోకాలు నొప్పి. వెనక ఎనిమిది పసుపు ముద్దలు అలాగే ఒరిగి నడిచేవి. వీధిలో ఎవరో "ఏమత్తా, ర్యాలీ యాడికి?" అంటే, "అసెంబ్లీకి! పో, జెండా పట్కరా" అనేది.

ఇక నేను దాచిన రోజు.

ఆ రోజు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తిని నిరసన తెలపడం ఆ రోజుల పద్ధతి. కాలనీ ఆడవాళ్ళతో కలిసి ఆమె పెద్ద వంట గంజు నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. మా సెంటర్ మూసేశారు కాబట్టి నేను గదిలోనే ఉన్నాను.

"సారు, జర పిల్లలను సూడుండ్రి. తిండి పెట్టిన. నీళ్ళల మాత్రం దించకుండ్రి. ఇంక ఈకలు రాలే."

"బాతు పిల్లలండీ అవి. మా ఊళ్ళో పుట్టిన రెండో రోజే కాలవలో ఈదుతాయి."

"మీ ఊర్ల తల్లి ఉంటది. తల్లి రెక్కల కింద పండుకుంటె ఆమె ఒంటి నూనె పిల్లలకంటుతది, నీళ్ళు పట్టయి. వీటికి తల్లెవరు? బల్బు. బల్బుకు నూనె యాడిది సారు?"

నవ్వి ఊరుకున్నాను. బావి ఎండిపోయిన ఊరినుంచి వచ్చిన మనిషి, కాలవ గట్టున పుట్టినవాడికి బాతుల గురించి చెబుతోందనుకున్నాను. ఆమె చిన్నప్పుడు కోతలైన మళ్ళలోకి బాతుల మందలు తోలుకొచ్చేవారని, వాళ్ళు వదిలేసిన గుడ్లు ఏరి వాళ్ళమ్మ కోళ్ళ కింద పెట్టేదని అంతకుముందే నాకు చెప్పింది. కోడి పొదిగిన బాతు పిల్లల సంగతి ఆ పెరట్లో తెలిసింది ఆమె ఒక్కదానికే. నాకు తెలిసింది కాలవ ఒక్కటే.

ఆమె వెళ్ళిన గంటకు, ఎండ బాగా ఎక్కాక, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు హౌజు నీళ్ళతో సగానికి నింపి, పిల్లలను ఒక్కొక్కటిగా అందులో వదిలాను. ఎంత ముచ్చటగా ఈదాయో! మునిగి, లేచి, తోకలాడించి. చూశావా, వీటి రక్తంలోనే ఉంది అనుకున్నాను. అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. అక్కడ టీవీలో బంద్ వార్తలు చూసి కంగారు. గదిలోకి వెళ్ళి ధైర్యం చెప్పాను. తర్వాత నేనూ టీవీ పెట్టాను. అరగంటో, ఇంకా ఎక్కువో.

తిరిగొచ్చేసరికి మూడు తేలుతున్నాయి. మిగతా అయిదు మెడ వరకు మునిగి, జారే టబ్బు గోడను గీరుతున్నాయి. వాటి నూగు దూదిలా నీళ్ళు పీల్చేసింది. ఏది ఎందుకు తడుస్తుందో చెప్పే తలతన్యత పాఠం ఏటా క్లాసులో నేనే చెప్పేవాణ్ణి. తువ్వాలుతో తుడుస్తుంటే చేతుల్లో ఐసు ముక్కల్లా ఉన్నాయి.

పక్కింటి పైవాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి పిట్టగోడ మీంచి తొంగి చూశాడు. ఆయనదీ మా జిల్లాయే.

"ఏంటి మాస్టారూ, ఏమైంది?"

టబ్బు అప్పటికే బోర్లించేశాను. నోట్లోంచి ఒక మాట వచ్చింది. "ఏమోనండీ. పొద్దున ఆవిడ ఏం పెట్టి వెళ్ళిందో."

నేనన్నది అంతే. మిగతాది ఆయనే పూర్తి చేశాడు. "మన గుడ్లు కదండీ. ఇంకేం, తెలుస్తూనే ఉంది." నేను కాదనలేదు. నా అబద్ధం మొత్తం ఆ కాదనకపోవడంలోనే ఉంది.

మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చింది. ఒళ్ళంతా పొగ వాసన, చేతిలో టిఫిన్ డబ్బా. "సారు, రోడ్డు మీద వండిన బగార అన్నం, మీకని తెచ్చిన" అంటూనే పెట్టె దగ్గర ఆగిపోయింది. పేపర్ మీద వరసగా పెట్టిన మూడింటిని చూసింది. ఒకదాని పొట్ట మీద వేలు పెట్టింది. వేలు చూసుకుంది. బోర్లించిన టబ్బు కింద బండ ఇంకా తడిగానే ఉంది. అదీ చూసింది. నా మొహం మాత్రం చూడలేదు.

"మిగిలినయి తేండ్రి" అంది.

బండ మీద ఎండలో కూర్చుని, రవిక లోపల రెండు, కొంగు మడతలో మూడు పెట్టుకుంది. నన్ను పొయ్యి వెలిగించి ఇసుక వేడిచేసి గుడ్డలో కట్టి తెమ్మంది. ఒక్కొక్కదాన్నే తీసి నోటితో ఆవిరి ఊదేది, కాళ్ళు తన కనురెప్పకు ఆనించి వేడి వచ్చిందో లేదో చూసేది, మళ్ళీ లోపల పెట్టేది. బెల్లం నీళ్ళు వేలితో ముక్కుకు అద్దేది. వంటావార్పులో తిన్నదో లేదో, నేను అడగలేదు. మధ్యలో కొడుకు వచ్చి "ఏంది, మీటింగుకు రావా?" అంటే "నువ్వు పో. ఈడ నా మీటింగున్నది" అంది. పొద్దు వాలేవేళకు కొంగులోంచి ఒక గొంతు వచ్చింది, ఆ వెనకే ఇంకొకటి. అయిదూ బతికాయి. నాకు ఆనాడు కనిపించినది ఓపిక కాదు. పనితనం. గొప్ప డాక్టర్లలో, గొప్ప మెకానిక్కులలో కనిపించేది.

అప్పుడు లేచి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడి అంది: "సారు, లెక్క సగం సగం గదా. ఎనిమిదిల నాలుగు మీయి. మీ నాలుగు బతికున్నయి. నాది ఒకటున్నది. పోయినవి నా వంతు."

పోయినా సగమేనన్న మాట ఆమె చెప్పిందే. ఆ మాట నా కోసం తనే తప్పింది. నేను అవునని తలూపాను. ఈకలు వచ్చాక నా నాలుగింటినీ గంపలో పెట్టుకుని ఊరికి తీసుకుపోయి మా అమ్మకు ఇచ్చాను.

ఈలోగా బ్యాంకాయన మాట కాలనీ అంతా తిరిగింది. రెండు నెలలకు నేను వనస్థలిపురం మారాను. అక్కడ మావాళ్ళు ఎక్కువ. కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు తమకు జరిగిన అవమానం చెప్పేవారు. నిజమైనవీ ఉండేవి. నాకు మాత్రం మన్సూరాబాద్‌లో రెండేళ్ళలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకెందుకో చిన్నతనంగా ఉండేది. అందరికీ ఒక కథ ఉంది, నాకు లేదు. అందుకని ఇది చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి, పెట్టిన గటకలో ఏదో కలిసింది. చివరికి మూడు కాస్తా ఎనిమిదయ్యాయి.

కర్మ రోజున వెళ్ళాను. వాకిట్లో షామియానా, బల్లల వరసలు. కొడుకు నన్ను చూసి గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది, గొంతు అదే.

"బాతుల సారు! అమ్మ మిమ్ములను ఎంత యాది చేసేదో!"

చేయి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. అతని భార్య వడ్డిస్తోంది. నేనున్నప్పుడు ఆమె ఇంకా ఆ ఇంటికి రాలేదు. భర్త మాట విని నవ్వింది. "గీ సారువేనా ఆ బాతు పిల్లలు? అత్తమ్మ పాశిపోయిన గటక పెట్టి సంపిందట గదా!"

ముద్ద కలపడం ఆపి అడిగాను. "ఎవరన్నారమ్మా?"

కొడుకు జవాబిచ్చాడు. "అమ్మనే చెప్పింది సారు. అప్పుడు మీరు బయట అమ్మ మీద ఏదో అన్నరని నాకు తెల్సింది. కోపమొచ్చింది. సారు సామాను రోడ్డు మీదేస్త అని లేచిన. అమ్మ అడ్డం పడ్డది. 'సారు అన్నదాంట్ల తప్పు లేదురా. నేనే యాదిమరిచి రాత్రి గటక పెట్టిన, గందుకే పోయినయి' అన్నది. గట్ల ఊకున్న."

కోడలు కూర వడ్డిస్తూ మామూలుగానే అంది. "నాకైతే గది మనసుల పడ్డది సారు. పాప పుట్టినంక ఆమె చేతికి గిన్నె ఇయ్యలే. మరుపు మనిషి, ఏది పెడ్తదో అని. ఎత్తుకోనిచ్చిన గని తినిపియ్యనియ్యలే."

నేను చెప్పేశాను. టబ్బు, హౌజు నీళ్ళు, ఫోను, పిట్టగోడ మీంచి అన్న మాట. పాచిపోయిన గటక ఆ ఇంట్లో ఏ రోజూ లేదని, ఏ మేతా తాను రుచి చూడకుండా ఆమె పెట్టలేదని. పక్క వరసలో తింటున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. కొడుకు కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

కోడలు గరిటె బకెట్లో వదిలేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది.

"ఎన్నిసార్లు అడిగిందో సారు. 'పాపకు ఒక్క బుక్క పెడ్తనే, నువ్వు పక్కన్నే కూసోని సూడు' అని."